అడవిబడి నుండి తరగతిగదికి - గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

ఉపాధ్యాయుడు పాఠశాల గోడల వెలుపల నేర్చుకొన్న విద్యను గోడల లోపలికి తీసుకొని రాగలడా అన్న ప్రశ్న చాలా పాతది. రాత్రిబడులు, వయోజన విద్యాకేంద్రాలు, జాతీయ సేవా పథకం శిబిరాలు మన రాష్ట్రంలో ఎందరో యువతీయువకులకు బోధనలో తొలి అనుభవాన్ని ఇచ్చాయి. 1978లో దేశమంతటా వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడూ, 1990 తరువాత జిల్లా జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమాలు సాగినప్పుడూ చదువు చెప్పడానికి ముందుకు వచ్చినవారిలో పలువురు తరువాత ఉపాధ్యాయులయ్యారు. అరుగుమీద కూర్చొని కూలిపనివారికి అక్షరాలు నేర్పిన రోజుల్లో వారిలో కనిపించిన ఓర్పు, మాటలోని సౌలభ్యం, ఎదుటివాని ముఖం చూసి పాఠాన్ని మార్చుకొనే నేర్పు ఉద్యోగంలో చేరిన తరువాత ఏమైపోయాయి? చాలామంది వాటిని చెప్పులతోపాటు గుమ్మం బయటనే విడిచి తరగతిగదిలో అడుగుపెడతారు. ఆ నేర్పును విడిచిపెట్టక లోపలికి తెచ్చి, దానితో ఒక జాతి చదువు తీరునే మార్చిన ఉపాధ్యాయుడొకరు మన తెలుగునాట జీవించారు. వారే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారి పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా వారిని అందరూ ఎరుగుదురు. సవరల భాష నేర్చి వారికి చదువు చెప్పిన మహనీయునిగా కొందరు ఎరుగుదురు. ఈ రెండు పనులనూ రెండు వేర్వేరు అధ్యాయాలుగా చెప్పడం పరిపాటి. మొదటి పనిలో సంపాదించిన నైపుణ్యమే రెండవ పనికి పునాది అయిందని మేము భావిస్తున్నాము. ఈ దృష్టితో వారి జీవితాన్ని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యం - విద్యాభ్యాసం

రామమూర్తిగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరంలోని శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. ఆ గ్రామం నేటి శ్రీకాకుళం ప్రాంతానికి చెందినది. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ కాగా, అక్కడ 1875లో విషజ్వరంతో ఆయన మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్లు. బంధువుల ఆదరణతో విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగించారు. అక్కడ వారి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. తెలుగు వచనానికీ కవిత్వానికీ కొత్త దారి వేయబోయే ఇద్దరు బాలురు ఒకే పాఠశాలలో చదువుకోవడం తెలుగువారి అదృష్టం అనవలె.

1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైన తరువాత, కుటుంబభారం మీద పడినందున రామమూర్తిగారు పై చదువులకు పోలేకపోయారు. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతులకు చరిత్ర బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్ష నెగ్గారు. ఆ తరువాత చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పూర్తిచేశారు. రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు కళాశాల తరగతులకు బోధించే అర్హత వారికి లభించింది. 1911లో విరమించేవరకు దాదాపు ముప్పై సంవత్సరాలు వారు పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయవృత్తిలో ఉన్నారు.

చరిత్ర పాఠాన్ని పుస్తకం చూసి వల్లించడం వారికి తృప్తినివ్వలేదు. ముఖలింగం దేవాలయాల గోడలమీద శాసనాలు ఉన్నాయి. వాటిని చదవడం నేర్పేవారు దగ్గరలో లేరు. ప్రాచీన లిపుల గ్రంథాలను తెప్పించుకొని, తమకు తామే గురువై ఆ లిపులు నేర్చుకొని, శాసనాలు చదివి, గాంగరాజుల రాజధానియైన కళింగనగరం ఆ ముఖలింగమే అని ప్రతిపాదించారు. కంటితో చూసి, చేతితో తడిమి తెలుసుకొన్నదే నిజమైన విద్య అన్న విశ్వాసం వారిలో అప్పుడే స్థిరపడినట్లు తోస్తుంది.

సవరల మధ్య

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. సంతలకు దిగివచ్చే సవరలను పట్టణవాసులు చూస్తూనే ఉండేవారు. వారి భాష అర్థం కాదు కనుక అది భాషే కాదన్న చులకన భావం ఆనాడు సామాన్యం. అధికారులతో, వర్తకులతో పని పడినప్పుడు మధ్యవర్తి చెప్పిందే సవరకు వేదం. చదువు లేదు, చదువుకుందామంటే వారి భాషలో బడి లేదు. తెలుగులోనో ఒడియాలోనో చెప్పే బడికి వచ్చిన సవర బాలుడు ఒక్క ముక్క అర్థంకాక అడవికి తిరిగి వెళ్లిపోతాడు. వానిని మందమతి అంటారు.

రామమూర్తిగారికి ఈ మాట సరిపడలేదు. బాలునికి చదువు రాకపోవడానికి కారణం బాలునిలో ఉన్నదా, బడిలో ఉన్నదా అని వారు ఆలోచించారు. ముందుగా తామే విద్యార్థి కావలెనని నిశ్చయించుకొన్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని అతని వద్ద సవరభాష అభ్యసించారు. కొండలకు వెళ్లి సవరల ఇండ్ల ముంగిట కూర్చొని, వారి మాటలు, పాటలు, కథలు విని వ్రాసుకొన్నారు. ఈ శ్రమకు ఫలితంగా శరీరం బాధ పడింది. మన్యపు జ్వరం పట్టుకొన్నది. దానికి క్వినైను పుచ్చుకోగా పుచ్చుకోగా వినికిడి దెబ్బతిన్నది. జీవితమంతా మనుషుల నోటి మాటను శ్రద్ధగా విన్న మహానుభావునికి చివరికి చెవుడు ప్రాప్తించింది. అయినా వారు ఆ పనిని విడవలేదు.

సవర భాష తెలుగు వంటి ద్రావిడభాష కాదు. అది ముండా శాఖకు చెందినది. తెలుగు లిపికి లొంగని ధ్వనులు దానిలో ఉన్నాయి. అక్షరం లేని భాషను పుస్తకంలోకి ఎక్కించవలెనంటే మొదట చెవి సరిగా ఉండవలె, ఆ తరువాత ధ్వనికి తగిన గుర్తు నిర్ణయించవలె. ఇందుకై వారు హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞుల గ్రంథాలు చదివారు. మన దేశంలో భాషాశాస్త్రంలో శిక్షణ ఇచ్చే వ్యవస్థే లేని ఆ కాలంలో ఒక జమీందారీ పట్టణంలోని ఉపాధ్యాయుడు ఈ శాస్త్రాన్ని ఒంటరిగా సాధించడం ఆశ్చర్యకరం.

నేర్చుకొన్న భాషతో వారు సవర వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధంచేశారు. తమ సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు దానిని తమకు పుచ్చుకోక, ఆ సొమ్ముతో సవరలకు మంచి పాఠశాల నడపమని కోరారు. 1913లో వారికి రావుసాహెబ్ బిరుదు లభించింది. ఈ పరిశోధన ఫలితంగా సవరభాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వం ద్వారా అచ్చయ్యాయి. ముప్పై అయిదేళ్లకు పైబడిన పరిశ్రమ ఈ రెండు గ్రంథాలలో ఉన్నది.

తరగతిగదిలోకి

కొండమీది బడిలో వారికి అబ్బిన నేర్పును ఇప్పుడు పరిశీలిద్దాం. మొదటిది వినడం. బోధించేవాడు ముందు వినవలె. రెండవది, పిల్లవాడు ఇంటినుండి తెచ్చిన మాటను మూలధనంగా భావించడం. తెలిసిన మాటనుండి తెలియని అక్షరానికి పోవడమే సులభమార్గం. మూడవది, మనకు తెలియని పలుకుబడి కనిపించగానే తప్పు అనక, దానిలోని క్రమాన్ని వెదకడం. చదువురాని సవర మాటలో సైతం కట్టుదిట్టమైన వ్యాకరణం ఉన్నదని స్వయంగా కనుగొన్న ఉపాధ్యాయునికి, పర్లాకిమిడి వీధిలో తెలుగు బాలుడు మాట్లాడే మాటలో వ్యాకరణం లేదని ఎవరైనా చెబితే నమ్మడం ఎట్లా సాధ్యం?

ఆనాటి తెలుగు తరగతి స్వరూపం ఎట్లా ఉండేదో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. పిల్లవాడు ఇంట్లో వచ్చాడు అంటాడు, బడిలో వచ్చెను అనిగాని వచ్చినాఁడు అనిగాని వ్రాయవలె. చూస్తున్నాడు అంటే తప్పు, చూచుచున్నాఁడు అంటే ఒప్పు. పలకని అరసున్నను ఎక్కడ పెట్టవలెనో, రెండు విధాల రకారాలలో ఏది ఎక్కడ వ్రాయవలెనో కంఠస్థం చేయవలె. ఉపాధ్యాయుడు పాఠం వివరించేది వాడుకమాటలోనే, వ్రాయించేది మాత్రం మరొక భాషలో. ఒక చిన్న ఉత్తరం సొంతంగా వ్రాయమంటే పరీక్షలో నెగ్గిన విద్యార్థి కలం కదపలేకపోయేవాడు. సవర బాలుడు తెలుగుబడిలో ఎదుర్కొన్న కష్టమే, కొలత తగ్గినా, తెలుగు బాలుడు తెలుగుబడిలోనే ఎదుర్కొంటున్నాడు!

1907లో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. చిన్న తరగతులలో తెలుగు బోధించే తీరు చూసి, ప్రజలు మాట్లాడే భాషకూ పాఠ్యపుస్తకంలోని భాషకూ ఇంత దూరం ఎందుకన్న సందేహం వారికి కలిగింది. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగు అని అయ్యంగారు సూచించారు. ఈ నలుగురి ఆలోచనల నుండి వ్యావహారిక భాషోద్యమం పుట్టింది. దాని పుట్టుక సాహిత్యసభలో గాక తరగతిగదిలో జరిగిందని విద్యార్థులు గమనించవలె. కవులు ఏ భాషలో వ్రాయవలెననే వాదం తరువాత వచ్చింది. మొదట వచ్చిన ప్రశ్న, పిల్లవానికి చదువు ఎట్లా చెప్పవలెననేదే.

ఆ ప్రశ్నకు సిద్ధమైన సమాధానం రామమూర్తిగారి వద్ద ఉండడానికి కారణం వారి పూర్వానుభవమే. ఉపాధ్యాయుల సదస్సులలో వారు జీవద్భాషను గురించి, ప్రత్యక్షపద్ధతిలో భాష నేర్పడం గురించి ప్రసంగించారు. శాసనాలు చదివిన చరిత్రకారుని నేర్పు కూడ ఇక్కడ తోడు వచ్చింది. పూర్వుల వచనాన్ని వెదకి, వాడుకమాటలు పండితుల వ్రాతలలోనూ ఎంతగా ఉన్నాయో ఉదాహరణలతో నిరూపించారు. గద్యచింతామణి, బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం మొదలైన వారి గ్రంథాలు ఇట్టి పరిశ్రమ ఫలితాలే. గ్రాంథికమే వ్రాయవలెనని పట్టుపట్టినవారు సైతం తప్పులేకుండ గ్రాంథికం వ్రాయలేకపోతున్నారని చూపి, పండితునికి సాధ్యం కానిదానిని బాలునినుండి ఆశించడం న్యాయమా అని నిలదీశారు.

ఉత్తరువు - ఉపసంహరణ

ఈ కృషి కొంత ఫలించింది. 1912-13 నాటికి స్కూలు ఫైనల్ విద్యార్థులు వ్యాసరచనను కావ్యభాషలోగాని వాడుకభాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడింది. పండితలోకంలో పెద్ద అలజడి రేగింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని ప్రముఖులైన జయంతి రామయ్య పంతులుగారు ఈ మార్పును తీవ్రంగా ప్రతిఘటించారు. వారిని కేవలం మొండివారుగా చిత్రించడం ధర్మం కాదు. వాడుకభాష ప్రాంతానికొక తీరుగా ఉన్నది కనుక బడిలో ఏ వాడుకను నిలుపుతారని, నన్నయ తిక్కనల కావ్యాలతో విద్యార్థికి ఉన్న సంబంధం తెగిపోదా అని వారి ఆందోళన. అది ఆలోచించదగిన ప్రశ్నే. విషయ పరిశీలనకు ఏర్పడిన సంఘంలో గురజాడవారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అయినను 1915లో ప్రభుత్వం తన ఉత్తరువును ఉపసంహరించుకొన్నది. ఆ సంవత్సరమే నవంబరు 30న అప్పారావుగారు కన్నుమూశారు.

చిన్ననాటి మిత్రుడు పోయాడు, ప్రభుత్వం వెనుదిరిగింది, చెవులు వినబడవు. ఉద్యోగ విరమణ చేసిన యాభైరెండేళ్ల ఉపాధ్యాయుడు ఇక విశ్రమించినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. రామమూర్తిగారు ఊరూరా సభలలో ఉపన్యసించడానికి బయలుదేరారు. చేతిలో గ్రంథాలు పట్టుకొని, ప్రతి వాదానికి ఉదాహరణలు చూపుతూ, గంటల తరబడి మాట్లాడేవారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. అదే సంవత్సరం మేలో వీరేశలింగంగారు అస్తమించారు. ఆ ఏడే రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రిక ప్రారంభించారు. అది ఎక్కువకాలం నడవలేదు గాని, దానిలోని వ్యాసాలు ఉద్యమానికి ఆయుధాలయ్యాయి. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించింది.

చివరి సంవత్సరాలు

1933లో వారి సప్తతి పూర్తి సందర్భాన రాజమహేంద్రవరంలో పండితులు, శిష్యులు సన్మానం జరిపి వ్యాససంపుటాన్ని సమర్పించారు. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. తాపీ ధర్మారావుగారివంటి శిష్యులు పత్రికారంగంలో వారి భాషాదర్శనాన్ని ఆచరణలో పెట్టారు. కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రి చేసిన భాషాకృషిని కొనసాగించారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి దానిలో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరిని విడిచి రామమూర్తిగారు రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర తమ భాషకు సోరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించడం విశేషం. ఒకనాడు భాషే కాదని ఈసడింపబడిన పలుకు, వ్యాకరణం, నిఘంటువు, లిపి గల భాషగా నిలిచింది. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో రామమూర్తి పంతులుగారు పరమపదించారు. పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయ పరీక్షలు, సిద్ధాంత గ్రంథాలు వాడుకభాషను పూర్తిగా స్వీకరించడానికి ఇంకా ముప్పై ఏళ్లు పట్టింది. సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య బోధించే ప్రయత్నాన్ని మన రాష్ట్రం ఈ శతాబ్ది మొదటి దశకంలో చేపట్టింది. పంతులుగారు సొంత ధనంతో చేసిన పనికి వంద సంవత్సరాల తరువాత ప్రభుత్వ విధానంలో చోటు దొరికిందన్నమాట.

మన తరగతిగదులు

ఈ చరిత్ర పర్లాకిమిడి కొండలకే పరిమితం కాదు. మన తుళ్లూరు ప్రాంతాన్ని చూడండి. నల్లరేగడి నేలలలో పత్తి, మిరప పండించే ఈ మైదానానికి కోతల కాలంలో ఇతర జిల్లాలనుండి కూలీలు కుటుంబాలతో వస్తారు. 2015లో మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగిన తరువాత కట్టడపు పనులకు దూరరాష్ట్రాల కార్మికులు సైతం వచ్చారు. వారి బిడ్డల నోట వేరువేరు భాషలు, వేరువేరు యాసలు. అట్టి బాలుడు బడికి వచ్చి మౌనంగా కూర్చున్నప్పుడు, అది మాంద్యమా, భాషాభేదమా అని విచారించే ఉపాధ్యాయుడు కావలె.

మన కళాశాల విద్యార్థులకు ఈ విషయం మరింత దగ్గరిది. మన ఉర్దూ సోదరసోదరీమణుల ఇండ్లలో వినిపించేది దక్కనీ పలుకుబడి. ఇంట్లో మేరేకు అన్న పిల్లవాడు ఉర్దూ వాచకంలో ముఝే అని చదవవలె. ఇంట్లో నక్కో అంటే సరిపోతుంది, బడిలో నహీ చాహియే అనవలె. అదే పిల్లవాడు వీధిలో తెలుగు మాట్లాడి, పరీక్షలో ఇంగ్లీషు వ్రాయవలె. అతని నోటిమాటను చూసి నవ్వే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాని మూలధనాన్ని చెత్తబుట్టలో వేసినవాడవుతాడు. మేరేకు అన్న మాటను అంగీకరించి, దానినుండే ముఝే వద్దకు చేయిపట్టి నడిపించేవాడు పంతులుగారి శిష్యుడవుతాడు. వాచకభాష నేర్పవద్దని మా అభిప్రాయం కాదు. ఇంటిమాట మెట్టు అనీ, దానిపై అడుగువేయకుండ మేడ ఎక్కలేమనీ మాత్రమే మేము చెప్పేది.

మనలో రేపు ఉపాధ్యాయులు కాబోయేవారు అనేకులున్నారు. సెలవులలో వాడలకు వెళ్లి చదువు చెప్పేవారూ ఉన్నారు. అక్కడ జాబితా లేదు, గంట మ్రోగదు, పరీక్షాధికారి భయం లేదు. ఆసక్తి పోతే విద్యార్థి లేచిపోతాడు కనుక చెప్పేవాడు మెలకువతో ఉంటాడు. తరగతిగదిలో విద్యార్థి లేచిపోలేడు. అందువలననే అక్కడ ఉపాధ్యాయుడు నిద్రపోయే ప్రమాదం ఎక్కువ. వాడలో నేర్చిన మెలకువను తరగతిగదిలో నిలుపుకోవడం ఒక్కరోజు పని కాదు. అధికారులు మెచ్చకపోవచ్చు, ఇచ్చిన ఉత్తరువు వెనుకకు పోవచ్చు, తోటివారు పరిహసించవచ్చు. ఇవన్నీ పంతులుగారికి ఎదురైనవే.

వారి విగ్రహానికి ఏటేటా పూలమాల వేయడం మంచిదే. అంతకంటె మంచి నివాళి ఒకటి ఉన్నది. మొదటి రోజున తరగతిలో పుస్తకం తెరవకముందు, ఎదుట కూర్చొన్న పిల్లలు ఇంట్లో ఎట్లా మాట్లాడుకొంటారో ఒక్క గంటసేపు శ్రద్ధగా వినడం. ఈ చిన్న పనిని మన విద్యార్థులు తమ వృత్తిజీవితంలో ఆచరిస్తారనీ, అందుకు మన కళాశాలా కార్యవర్గం తగిన అవకాశాలు కల్పిస్తుందనీ ఆశిస్తున్నాము.